మిల్లు క్లబ్బులో ఎడమ బూటు

2016, వానలు మొదలైన రోజులు. విజయనగరంలో ఒక మందుల షాపు పైన, మేడ మీద ఉండేది నా ఫిజియోథెరపీ క్లినిక్. మెట్లు నిటారుగా ఉంటాయని, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇదేం శిక్షని పేషెంట్లు నన్ను తిట్టుకునేవారు. నిజానికి ఆ మెట్లు నా పని సగం చేసిపెట్టేవి. ఎవరు ఏ కాలు ముందు వేస్తున్నారో, దేని మీద బరువు ఆపుకుంటున్నారో తలుపు దగ్గర నిలబడి చూస్తే తెలిసిపోయేది.

అప్పలరాజుని కూడా అలాగే చూశాను. ఇరవై మూడేళ్లవాడు, పొడగరి, భోగాపురం వైపు తీరంలో వేటకెళ్లేవాళ్ల కుటుంబం. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి కెప్టెన్. నడుం నొప్పి అని వచ్చాడు. నడుం నొప్పివాడు ఎడమ పాదం వేళ్లు నేలకి తగలకుండా మడమ మీదే మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

"నడుమేనా?" అన్నాను.

"నడుమే మేడం. పట్టీసినట్టుగా ఉన్నాది."

"చెప్పులు విప్పి బల్లెక్కు."

"నడుంకి సెప్పులెందుకండి ఇప్పడం?"

"బంతి ఎలా ఆపాలో నీకు నేను చెప్పానా? ఎక్కు."

నాకు నోటి దురుసు ఎక్కువని మా ఇంట్లోనూ అంటారు, క్లినిక్‌లోనూ అంటారు. ఆటగాళ్లతో అది లేకపోతే పని జరగదు.

ఎడమ పాదం చేతిలోకి తీసుకుని చూశాను. పాదం పైభాగాన అడ్డంగా ఒక గాడి. బియ్యం బస్తాకి తాడు బిగించి కడితే పడుతుందే, అలాంటిది. కుడి పాదానికి అలాంటిదేమీ లేదు. గాడి కింద, పాదం నడిమధ్యన వేలితో నొక్కాను. సముద్రంలో తెప్ప తిరగబడ్డా అరవనివాడు బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"నడుం ఇక్కడుందేంటి?" అన్నాను.

అప్పుడు నవ్వాడు, కళ్లలో నీళ్లతో.

ఆ చోట నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. పరుగెత్తేవాళ్లకీ గెంతేవాళ్లకీ ఒత్తిడి మీద ఒత్తిడి పడి అందులో వెంట్రుకవాసి చీలిక వస్తుంది. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. కనబడలేదు కదా అని ఆడితే చీలిన ఎముక కాస్తా విరిగిపోతుంది. ఆ ఎముకకి రక్తం అందేదే తక్కువ, విరిగితే ఒక పట్టాన అతకదు. నాకు తెలిసిన ఎముకల డాక్టరుగారి దగ్గరకి పంపి ఎమ్మారై స్కాన్ తీయించాను. నా అనుమానమే నిజమైంది. పిండికట్టు వేసి, కాలు కింద మోపకుండా ఆరు వారాలైనా ఉంచాలన్నారు డాక్టరుగారు. ఇప్పుడు ఆగితే మళ్లీ ఆడతాడు, ఆగకపోతే ఇక ఆట లేదు అని కూడా కచ్చితంగా చెప్పారు.

మ్యాచ్ ఇంకో మూడు వారాల్లో ఉంది. ఏ మ్యాచ్ అన్నది చెప్పాలంటే ముందు ఆ క్లబ్బు సంగతి చెప్పాలి.

కాగితాల మీద దానికి వేరే పేరుంది గాని ఊళ్లో అందరికీ అది మిల్లు క్లబ్బే. ఒకప్పుడు బాప్టిస్టు మిషన్ స్కూల్లో ఒక మాస్టారు, హాస్టల్ పిల్లల్ని సాయంత్రాలు అల్లరి చెయ్యనివ్వకుండా ఒక బంతి ఇచ్చి మైదానంలోకి తోలారట. వాళ్లు పెద్దవాళ్లై మంచి ఆటగాళ్లయ్యారు. జూట్ మిల్లువాళ్లు వాళ్లని పిలిచి ఉద్యోగాలిచ్చి, పసుపు చొక్కాలు కుట్టించారు. మిల్లు కూత కూసిందంటే షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోకుండా మైదానానికి పోయేవారని మా నాన్నగారు చెప్పేవారు. తర్వాత మిల్లు మూతపడింది. క్లబ్బూ పడుకుంది. గోలుపోస్టులకి బట్టలారేశారు, మైదానంలో లారీలు పెట్టారు. చాలా ఏళ్లకి ఆ పాత అభిమానులే కొందరు, ఒక సిమెంటు షాపాయన, రిటైరైన డ్రిల్లు మాస్టారు సత్యంగారు, ఇంకొందరు కలిసి మళ్లీ నిలబెట్టారు. ఈసారి కుర్రాళ్లకి నెలజీతాలిచ్చి మరీ. తీరం నుంచి, గజపతినగరం నుంచి, పాతపట్నం నుంచి కూడా వచ్చి చేరారు. ఆ మ్యాచ్ గెలిస్తే పెద్ద లీగులో చోటు. అప్పలరాజు లేకుండా ఆ మ్యాచ్ ఎవరి ఊహలోనూ లేదు, ముఖ్యంగా అప్పలరాజు ఊహలో.

"పిండికట్టు మేచ్ అయినాక ఏస్కుంతాను మేడం," అన్నాడు.

"మ్యాచ్ అయ్యాక వేయడానికి ఏం మిగలదురా నాయనా."

"యాకోబుగారు ఇరిగిపోయిన కాలుతో ఆడినారండి. నాది ఇరగనేదు కదా, సీలిందంతే."

యాకోబు మిల్లు క్లబ్బు తొలి కెప్టెన్. ఏదో ఫైనల్లో ఆయన ఎడమ చీలమండ విరిగిందట. బూటు లేసు బిగించి కట్టుకుని చివరిదాకా ఆడి గోలు కొట్టాడట. అందుకని ఆ క్లబ్బులో ఒక ఆచారం. కొత్తగా చేరిన ఆటగాడికి మొదటి మ్యాచ్ రోజు కెప్టెన్ తన చేత్తో ఎడమ బూటు లేసు కడతాడు. పళ్లు బిగించి మరీ కడతాడు. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కీ ఎవరిది వాళ్లు అలాగే కట్టుకోవాలి. మిల్లు క్లబ్బువాడు తనంతట తాను మైదానం దిగడు అన్నది దాని అర్థం.

గాడి ఎక్కడిదో అప్పుడు తెలిసింది. వాపు బయటపడకుండా, నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కేలా వీళ్లందరూ కాళ్లు ఉరేసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"లేసు కింద ఒక వేలు దూరాలి. దూరకపోతే అది బూటు కాదు, బేడీ," అని అరిచాను. "ఇంక దీని మీద బంతి తన్నావంటే నేనే నీ కాలు విరగ్గొడతాను."

తలొంచుకుని విన్నాడు. ఆదివారం దాకా ప్రాక్టీసు మానేస్తానని మాత్రం మాటిచ్చాడు. ఇంటి దగ్గర నాన్న వేట తగ్గించుకున్నాడని, అమ్మ చేపల గంప దించి కాస్త కూర్చుంటున్నదే తన జీతం వల్లనని చెప్పి, "ఆట పోతే మరేటి సెయ్యాలండి?" అన్నాడు. ఆట పోకూడదనే కదా చెబుతున్నాను అంటే మాత్రం వాడి చెవికెక్కలేదు.

సత్యం మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే. "ఆడి కాలు బాగునేదని నాకూ అనుమానమే అమ్మా. గాని మిల్లు క్లబ్బు కెప్టెన్ని కూసోమని నానెలగ సెప్తాను? యాకోబు కూసోనేదు కదా!" అన్నారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా అమ్మ ముందు ఆ యాకోబుని నోరారా తిట్టాను. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చేప ముల్లు తీసుకుంటూ తాపీగా అంది.

"ఒసే, చచ్చిపోయినోడిని తిడతావేటి? యాకోబు మావ ఆట సివర్దాకా ఎక్కడాడినాడు? మేచ్ అవుతుండగానే రిచ్చాలో ఏసి మా వార్డుకి తెచ్చీసినారు. నాను ట్రైనింగులో ఉన్నాను అప్పుడు. కట్టు కడతంటే మైదానం కాడ కేకలినబడ్డాయి. గోలు అయిపోనాదని మంచం మీదే లేచి కూసున్నాడు."

ముద్ద కంచంలో వదిలేశాను. "మరి గోలెవరు కొట్టారే?"

"ఆయన బదులు దిగినోడు. అప్పన్న. గజపతినగరంలో కూతురి కాడ ఉన్నాడు."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వెప్పుడైనా అడిగావా అంది.

ఆదివారం చర్చి అయ్యాక మా వారి కారులో అమ్మనీ అప్పలరాజునీ ఎక్కించుకుని గజపతినగరం వెళ్లాను. క్లబ్బు పాత ప్లేయర్ ఒకాయనున్నారు, చూద్దాం రా అంటే వాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ కాలితో గెంతొద్దని మళ్లీ తిట్టాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. నేను చెబితే వాడు నమ్మడు.

అప్పన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. బక్కపలచని మనిషి, వినికిడి తక్కువ. అమ్మని గుర్తుపట్టి "సిస్టరమ్మా!" అని లేవబోయారు. వచ్చిన పని అమ్మ ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. పసుపు చొక్కా కెప్టెన్ అనగానే ఆయన అప్పలరాజు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఆ దినం నాకు బూట్లు నేవు, బాబూ. ఒట్టి కాళ్లతోనే ఆడీవోడిని. బదులు దిగడానికి అవతలోళ్లు ఒప్పుకున్నారు గాని, బూట్లు ఉండాలన్నాడు రిఫరీ. యాకోబు నేల మీద కూలబడి ఉన్నాడు. కుడి బూటు తీసి ఇసిరీసినాడు. ఎడమది రానేదు, కాలు వాచిపోనాది. తువ్వాలు నోట్లో కుక్కుకుని లాగీసినాడు."

"మీరు... మీరు దిగినారేటి తాతా?" అన్నాడు అప్పలరాజు.

"దిగనన్నాను. నీ బదులు నానేటి, నానెవల్ని అన్నాను. 'ఒరే, నా కాలు ఆగిపోనాది. ఆట ఆగకూడదు. దిగు' అని తిట్టినాడు. నాకు లేసు కట్టుకోడం రాదు. నా ఎడమ కాలు తన ఒళ్లో ఎట్టుకుని ఆడే కట్టినాడు. బూటు నాకు పెద్దది. జారిపోకుండా బిగించి కట్టినాడు. ఏడస్తానే కట్టినాడు, పాపం."

నేను అప్పలరాజు వైపు చూడలేకపోయాను. ఆ బిగింపు నొప్పి ఓర్చుకోవడానికి కాదు. పెద్ద బూటు చిన్న కాలికి నిలవడానికి.

"గోలు మీరు కొట్టినారని ఎవలికీ సెప్పనేదేటి తాతా?" అని ఆయన చెవి దగ్గరకి వంగి అడిగాడు వాడు.

"యాకోబు బతికున్నన్నాళ్లూ ఆడే సెప్పీవోడు. ఆడు పోనాక జనం ఎవలికి నచ్చినట్టు ఆలు సెప్పుకున్నారు. గోలు నాది, గోలు నాది అని నానే తిరిగితే ఏం బాగుంతాది?" అని నవ్వారాయన. తర్వాత వంగి వాడి ఎడమ పాదం చూశారు. గాడి మీద వేలు పెట్టి, "ఇదేట్రా, ఎవలు కట్టినారిలగ?" అన్నారు.

వాడు ఆ ముసలాయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దాచడం దేనికి?

తిరిగొచ్చేటప్పుడు వాడు గాడి మీద వేలు రాస్తూ కూర్చున్నాడు. ఊరొచ్చాక, కోట జంక్షన్ దగ్గర, "మేడం, పిండికట్టు ఆదోరం కూడా ఏస్తారేటి?" అన్నాడు. డాక్టరుగారిని మధ్యాహ్నం నిద్రలోంచి లేపి మరీ వేయించాను.

మ్యాచ్ రోజు మైదానం నిండిపోయింది. అప్పలరాజు చంకకర్రల మీద వచ్చాడు. అప్పన్నగారిని కారు పంపి రప్పించి గీత పక్కన కుర్చీ వేయించాడు. వాడి బదులు దిగుతున్నది పాతపట్నం నుంచి వచ్చిన సుదర్శన్. ముఖం పాలిపోయి ఉంది. అప్పలరాజు కర్రలు పక్కన పడేసి, పిండికట్టు కాలు చాపుకుని పచ్చిక మీద కూర్చున్నాడు. సుదర్శన్ ఎడమ కాలు ఒళ్లో పెట్టుకుని లేసు కట్టడం మొదలుపెట్టాడు. జట్టంతా చుట్టూ చేరింది. సత్యం మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

కట్టడం అయ్యాక అప్పలరాజు లేసు కిందకి తన వేలు దూర్చాడు. దూరింది. తలెత్తి నన్ను వెతుక్కుని, అందరికీ వినబడేలా అరిచాడు.

"మేడం! సూడండి, బేడీ కాదు!"

"బూటు నీదేనేట్రా?" అని అప్పన్నగారు సుదర్శన్‌ని అడిగారు. నాదే తాతా అంటే, "ఐతే నీకేటి బెంగ, ఎల్లు," అన్నారు.

ఆ రోజు మేం ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. సుదర్శన్ బాగానే ఆడాడు, అయినా ఓడాం. మరుసటేడు అదే మ్యాచ్ అప్పలరాజు ఆడి గెలిపించాడు, క్లబ్బు లీగులోకి వెళ్లింది. అతికిన ఎముక ఇప్పటిదాకా వాడిని మోసం చెయ్యలేదు. మ్యాచ్ గెలిచిన వారం వాళ్లమ్మ నా క్లినిక్‌కి వంజరం చేప తెచ్చి, మెట్ల గురించి నన్ను తిట్టి వెళ్లింది.

ఆ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. అంతకు ముందు నొప్పి ఎక్కడ అని మాత్రమే అడిగేదాన్ని. ఇప్పుడు, ఈ నొప్పి ఎవరికి చెప్పలేకపోతున్నావు అని కూడా అడుగుతాను. మొదటిదానికి అబద్ధం చెప్పినవాళ్లు కూడా రెండోదానికి నిజం చెబుతారు. మిల్లు క్లబ్బులో ఆచారం మాత్రం మారలేదు, నేను మార్చమనలేదు కూడా. కొత్తవాడు చేరితే ఇప్పటికీ కెప్టెనే ఎడమ లేసు కడతాడు. యాకోబు పేరు చెబుతాడు, పక్కనే అప్పన్న పేరు చెబుతాడు. తర్వాత లేసు కింద వేలు దూర్చి చూసి గాని వాణ్ని మైదానంలోకి వదలడు.