మగ్గం మీది చేతులు

ఈ మధ్య మా మనవరాలు ఫోన్‌తో నా ఫోటో తీసింది. అందులో నా మొహం ఒక్కటే తేటగా ఉంది. వెనకనున్న గోడ, బట్టల తీగ, దాని కింద కూర్చున్న నా కొడుకు, అంతా మసకమసకగా కరిగిపోయింది. ఎంత బాగొచ్చిందో చూడమని అది మురిసిపోయింది. పిల్ల మనసు నొప్పించడమెందుకని బాగుందన్నాను. నిజం చెప్పాలంటే అట్లాంటి ఫోటో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకదాన్ని తేటగా చూపించి, పక్కనున్నదాన్ని మసకలో కలిపేసే ఆ విద్యను నేను పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడే చూశాను.

నేను పోచంపల్లికి కోడలిగా వచ్చినదాన్ని. అత్తగారిది రంగుల ఇల్లు. నూలుకు ముడులు కట్టి, ఎరుపులో ఒకసారి, నలుపులో ఒకసారి ముంచి, ఆ నూలుతో రుమాళ్లు నేసేవారు. నా పుట్టిల్లు అచ్చంపేట దగ్గర. మావాళ్లదీ నేతపనే గాని, నేసేది తెల్ల పంచెలు. రంగు అనేది మా గడప తొక్కలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తింటివాళ్ల చేతులు చూస్తే నాకు అన్నం సయించేది కాదు. మణికట్టు దాటి ఎరుపు, గోళ్ల సందుల్లో నలుపు. ఏడాది తిరిగేసరికి నా చేతులూ అట్లాగే అయ్యాయి. ఆ తర్వాత ఎవరి చేతులూ నా కంటికి ఆనలేదు.

నా తమ్ముడు సంఘంలో తిరిగాడు. నిజాం సర్కారు ఉన్నప్పుడు దొర గడీ మీదికి పోయిన గుంపులో వాడూ ఉన్నాడు. సర్కారు మారి యూనియన్ మిలిట్రీ వచ్చింది. ఇక బతికిపోయామనుకుంటే, పాతవాళ్లు వదిలేసిన వేటను కొత్తవాళ్లు అందుకున్నారు. వాడు నల్లమలలో తలదాచుకుని, అక్కడ చలిజ్వరం పట్టి, ఎముకల గూడై ఒక పొద్దున మా పెరటి తలుపు తట్టాడు. నా మరిది షోలాపూర్ మిల్లులకు పోయి ఏళ్లు గడిచాయి, అయిపూ అజా లేదు. తమ్ముణ్ని ఆ మరిది పేరు మీద మగ్గం గుంతలో కూర్చోబెట్టాం. ఊళ్లోవాళ్లకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, వాళ్ల రుణం నేను తీర్చుకోలేను. ఊరవతల దిగిన మిలిట్రీ క్యాంపువాళ్లు ఇంటింటికీ తిరిగి మనుషులను లెక్క రాసుకున్నప్పుడు మా ఆయన, వీడు నా తమ్ముడు, ఊరు దాటి ఎన్నడూ పోలేదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ మగ్గం మీదే ఉన్నాడు అని చెప్పాడు. తమ్ముణ్ని ఎవరు పరీక్షించినా మాకు భయం లేకుండెను. వాడు పోగు తోసే నాడె విసిరితే మా ఆయనకంటే తీరుగా విసురుతాడు. దొరికితే మాత్రం వాడి ప్రాణానికి పూచీ లేదు. దాచినందుకు మాకూ లేదు.

క్యాంపులో ఒక ఆఫీసరు ఉండేవాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. నవ్వుమొహం, మెత్తని మాట. మెత్తనివాణ్ని చూస్తేనే మొత్తబుద్ధి అంటారు గాని, మాకు వాడి మెత్తదనమే దడ పుట్టించేది. రుమాళ్లు కొనడానికి ఒకసారి వచ్చాడు, రెండోసారి కెమెరాతో వచ్చాడు. దాని ముందరి అద్దం ఎంత పెద్దదంటే, మా అత్త చూసి, ఎనుబోతు కన్ను తెచ్చి అతికించిండ్రు అంది. మా ఆయన హైదరాబాదు షావుకార్లకు బట్ట అమ్మే మనిషి, ఉర్దూ బాగా వచ్చు. ఆఫీసరు చెప్పిందంతా మాకు తెలుగులో చెప్తూ వచ్చాడు. అది రంగుల ఫిలిం అట. ఎరుపును ఎరుపుగానే పట్టుకుంటుందట. కానీ వట్టి మొద్దుదట, బోలెడు వెలుతురు పోస్తే తప్ప కదలదట. అందుకనే ఇంట్లో తీయడానికి ఈ పెద్ద అద్దం కొన్నాడట.

తీస్తే తీశాడు, పెరట్లో ఆరేసిన నూలును తీసుకోవచ్చు గదా. కాదు, మగ్గం మీద నేత నడుస్తున్నట్టే కావాలన్నాడు. మగ్గం గుంతలో ఉన్నది నా తమ్ముడు. వాణ్ని లేపి తాను కూర్చుంటానని మా ఆయన అన్నాడు గాని, ఆఫీసరు వద్దని చేయి ఊపి, తమ్ముణ్ని రెండు చేతులూ బట్ట మీద పెట్టి కదలకుండా ఉండమన్నాడు. అంత పెద్ద కన్ను పూర్తిగా తెరిచినప్పుడు ఒక్క వేలెడు మేరే తేటగా పడుతుందనీ, దానికి ముందున్నదీ వెనకున్నదీ అంతా మసకేననీ చెప్పుకుంటూ కిటికీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా ఆయన నా పక్కకు జరిగి మెల్లగా అన్నాడు.

"మొఖం రాదట. బట్ట ఒక్కటే వస్తదట."

ఆ మాటతో నా ప్రాణం లేచివచ్చింది. ఆఫీసరు ఫోటో తీసుకుని, అందరికీ దండం పెట్టి పోయాడు. ఫిలిం ఓడ మీద సీమకు పోయి రావాలనీ, నెలలు పడుతుందనీ చెప్పాడు. ఎంత ఆలస్యమైతే అంత మంచిదనుకున్నాం.

ఆ మధ్యాహ్నం మగవాళ్లు అన్నాలకు కూర్చున్నారు. మా అత్త జొన్నరొట్టె వేస్తూ వేస్తూ ఆగిపోయింది. ఒకే వరుసలో మా ఆయన చేతులు, తమ్ముడి చేతులు.

"వీని చేతులు సూడుండ్రి" అంది. "పట్వారి చేతులోలె ఉన్నయి."

చూశాం. నేసిన నూలు రంగుదే గాని, ఆరిన నూలు చేతికి రంగు అంటించదు. రంగు కాగులో చేయి పెట్టినవాడికే అంటుతుంది, జ్వరం మనిషని వాణ్ని మేమెన్నడూ కాగు దగ్గరికి పోనివ్వలేదు. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో తిరుగుతూ ఒక్కరమూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రంగులిల్లే అని రాయించిన మనిషికి పాలల్లాంటి చేతులు. అవి ఇప్పుడు ఎర్రటి గుడ్డ మీద పరుచుకుని, తేటగా, ఓడెక్కి పోతున్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజు నుంచే మొదలుపెట్టాం. తమ్ముడు పారిపోతానంటే వద్దన్నాం. ఫోటోలో పడ్డ మనిషి మాయమైతే మొదట మమ్మల్నే అడుగుతారు, పైగా దారులన్నిటి మీదా కాపలా ఉంది. మా అత్త పొద్దునే వాడి చేతులను గోరువెచ్చని కాగులో ముంచేది, మళ్లీ సాయంత్రం. చర్మం పొక్కింది, ఆముదం రాసి మళ్లీ ముంచింది. వాడు నోరెత్తలేదు. పనిమంతుడివి అయినవు అని మా ఆయన వాణ్ని ఆటపట్టించేవాడు, వాడూ నవ్వేవాడు. వానలు వెనకబట్టేసరికి ఆ ఇద్దరి చేతులనూ పక్కపక్కన పెడితే ఏవి ఎవరివో నాకే తెలిసేది కాదు. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఆఫీసరు ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాడు. జీపులోని ఇద్దరు సిపాయిలు వాకిట్లో నిలబడ్డారు. చేతిలో చిన్న అట్టముక్క, దాని నడుమ గోరంత బొమ్మ. వెలుతురుకు పెట్టి చూడమని అందరికీ తలా ఒకసారి ఇచ్చాడు. ఆ ఎరుపు నిజంగా మా ఎరుపే. తమ్ముడి మొహం పొగలాగా ఉంది, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కింద గుడ్డ మీద మాత్రం పది వేళ్లు, గోళ్లతో సహా, తెల్లగా ఉన్నాయి. దొంగకు తేలు కుట్టినట్టు నేను కిక్కురుమనకుండా మా ఆయనకు అందించాను. ఆఫీసరుకు చేతుల ధ్యాసే లేదు. రంగు చూసుకుని మురిసిపోతున్నాడు. ఇంకొకటి తీస్తాను, అట్లాగే కూర్చోమన్నాడు. తమ్ముడు మగ్గం మీద చేతులు పెట్టాడు.

ఆఫీసరు కెమెరాలో చూశాడు. కన్ను తీశాడు. మళ్లీ చూశాడు. కెమెరా దించి, మా ఆయన చేతిలోని అట్టముక్క అడిగి తీసుకుని, కిటికీకి ఎత్తి చాలాసేపు చూశాడు. అప్పుడు తమ్ముడి చేతులను చూపించి, ఇవి అప్పుడిట్లా లేవేమని అడిగాడు. ఆ చేతులను మేము ముట్టుకోకుండా వదిలేస్తే ఆఫీసరుకు ఆ అనుమానమే రాకపోవును. మా భయమే వాడికి చూపించింది.

జ్వరమొచ్చి చాన్నాళ్లు పనిలో దిగలేదని మా ఆయన ఉర్దూలో అన్నాడు. మా అత్తకు ఉర్దూ రాదు గాని చేతులు చూపించి అడిగితే అర్థం కానిదేముంది. అదే క్షణాన ఆమె, వాడు షోలాపూర్ పోయి అప్పుడే వచ్చిండని తెలుగులో, చేతులతో చెప్పింది. షోలాపూర్ అన్న పేరు ఏ భాషలోనైనా ఒకటే, వాడు ఊరు దాటలేదని లెక్కలో రాసుకున్నదీ వాళ్లే. ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. వాకిట్లోకి చూసి సిపాయిలను పిలిచాడు.

అప్పుడు తమ్ముడు మగ్గం మీద చేతులు తీయకుండానే మా ఆయనతో అన్నాడు.

"నేను సంఘపోన్నని జెప్పు. ఇంట్ల పెట్టుకోకుంటే అందర్ని సంపుతనని బెదిరించిన్నని జెప్పు."

తమ్ముడు "జెప్పు" అని ఇంకోసారి అన్నాడు. ఒక్క చీమకు హాని తలపెట్టని పిల్లవాడు వాడు. మా ఆయన ఆ మాటను ఒక్కొక్క ముక్కగా ఉర్దూలో పెట్టాడు. ఆఫీసరు అంతా విని, మా ఆయనను వదిలేసి, నావైపు తిరిగి అడిగాడు, ఇది నిజమేనా అని. ఆ మాత్రం ఉర్దూ నాకూ అర్థమవుతుంది.

మా అత్త తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. నా కడుపులో అప్పటికి ఐదో నెల. తమ్ముడు నన్ను చూడలేదు, బట్టవైపే చూస్తున్నాడు. నేను ఏమంటానో అని వాడు ఊపిరి బిగపట్టడం మాత్రం నాకు తెలిసింది.

"నిజమే సారూ" అన్నాను. "బెదిరించిండు."

వాడు ఊపిరి వదిలాడు. వాణ్ని జీపులో నల్లగొండ దిక్కు తీసుకుపోయారు. ఆ తర్వాత ఏ జైలులో అడిగినా అట్లాంటి మనిషి రాలేదన్నారు. నా తమ్ముడు నా నోట విన్న ఆఖరి మాట అదే.