ఆంటీ చోప్ చేసిన కుర్చీ

మా హాల్లో ఒక కుర్చీ ఉంది. దాన్ని జరపాలంటే ఇద్దరు పట్టాలి. దాని గురించి చెప్పిన అబద్ధాన్ని మాత్రం ఇన్నేళ్ళుగా ఒక్కదాన్నే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకి చెబితే వెంటనే ఓదార్చడం మొదలుపెడతారు. ఆ ఓదార్పు నాకు వద్దు.

పెళ్ళికి ముందు యీషున్‌లో ఒక ఆంటీ ఇంట్లో గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. ఆవిడ తాతముత్తాతలు తెల్లదొరల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చారట. ఆవిడ తెలుగులో సగం తమిళం, కాస్త మలయ్ కలిసి ఉండేవి. భర్త పోయాడు, కొడుకు పెళ్ళాం పిల్లలతో వేరే ఉండేవాడు. ఇంట్లో మేమిద్దరం, ఆ కుర్చీ. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఒక బ్రెజిల్ కుటుంబానికి వంట చేసిందట. వాళ్ళు సొంత దేశానికి వెళ్ళిపోతూ ఆ కుర్చీ ఆవిడకి ఇచ్చి వెళ్ళారు. "బ్రెజిల్ కుర్చీ" అనేది ఆంటీ, దానికదే పేరన్నట్టు.

అదెలాంటి కుర్చీయో చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మన జిట్రేగుకి దగ్గరి చుట్టమైన నల్లటి చెక్క. లావు కాళ్ళు. నేలకి దగ్గరగా, వెడల్పుగా ఉంటుంది. చట్రానికి తోలు పట్టీలు, వాటి మీద బద్ధకంగా పడుకున్నట్టుండే బొద్దు తోలు దిండ్లు. ఎక్కడా మేకు కనబడదు. మిగతా కుర్చీలన్నీ ఇంటర్వ్యూకి వచ్చినట్టు కూర్చోమంటాయి. ఇది చెప్పులు విప్పి చేరగిలబడమంటుంది. అంత మొరటు చెక్క మనిషిని అంత మెత్తగా ఎలా పిలుస్తుందో! నేను వన్-నార్త్ ఆఫీసుల పేటలో డిజైనర్‌ని. పొద్దస్తమానం ఫోన్ తెర మీద బటన్లు సరిచేసే ఉద్యోగం. చేత్తో పట్టుకోగలిగే వస్తువు ఒక్కటీ చేసిన పాపాన పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ కుర్చీ చెక్క చారల వెంట వేలు జరుపుతుంటే కడుపు నిండినట్టుండేది.

ఆ కాలపు బ్రెజిల్ కుర్చీల కోసం జనం ఎంత పడి చస్తారో, ఆ చెట్టుని ఇప్పుడు ఎందుకు కొట్టనివ్వరో నాకు తెలుసు. ఆంటీకి తెలియదు. నడుం నొప్పికి అందులో తప్ప కునుకు పట్టదని మాత్రం ఆవిడకి తెలుసు. వారం వారం గుడ్డకి నూనె అద్ది, పట్టీల సందుల్లో కూడా తుడిచేది. ఆవిడ శుభ్రం గురించి బ్లాకంతా చెప్పుకునేవాళ్ళు.

ఒకరోజు బాత్రూంలో జారిపడి ఆవిడ తుంటి విరిగింది. అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ ఎక్కిస్తుంటే, అంత నొప్పిలోనూ నన్ను పిలిచి కుర్చీలో ఒక టిష్యూ పొట్లం పెట్టించింది. "చోప్ చేసినాను. ఎవురూ కూచోకూడదు" అని నవ్వబోయింది. ఇక్కడ హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే షెడ్డులో, బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళితే ఆ చోటు మనదే, దాన్నే చోప్ చేయడం అంటారు. ఎంత ఆకలితో ఉన్నవాడైనా దాన్ని తీయడు. నేను ఆ రాత్రే తీసి కూర్చున్నాను.

ఆంటీ మళ్ళీ ఇంటికి రాలేదు. ఆవిడని నర్సింగ్ హోంలో చేర్చారు. ఫ్లాట్ ఖాళీ చేస్తామని కొడుకు నాతో ముందే అన్నాడు. తర్వాత ఒకరోజు ఫోన్ చేశాడు. అమ్మ అస్తమానం కుర్చీ కుర్చీ అంటోంది, హోం వాళ్ళు తెచ్చుకోమన్నారు, శనివారం వ్యాన్ తెస్తాను, బాగానే ఉందా అని అడిగాడు. ఉంది అనాలి. అంతే. నేను అందులోనే కూర్చుని మాట్లాడుతున్నాను. టిష్యూ పొట్లం నా ఒళ్ళో ఉంది. నల్లులు పట్టాయని చెప్పాను.

ఆ మాటే ఎందుకు వచ్చింది? ముందే అనుకున్నానా? అనుకోలేదని మీకు చెప్పాలని ఉంది. కానీ ఫ్లాట్ ఖాళీ చేస్తారని విన్నప్పటి నుంచీ, ఈ కుర్చీ ఎవరి పాలవుతుందో, దాని విలువ తెలిసినదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే కదా, నా దగ్గరుంటేనే కదా దానికి న్యాయం అని లోలోపల వాదించుకుంటూనే ఉన్నాను. నల్లులంటే ఇక్కడ ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. "అయ్యో, పారేయండి లా! అమ్మకి నేను చెప్తా" అన్నాడు ఇక్కడి యాసలో. పారేయించానని చెప్పి, కుర్చీని స్నేహితురాలి ఇంటికి చేర్చాను. దింపాక చెమట తుడుచుకోవడానికి ఆ పొట్లమే చించాను.

తర్వాత ఆంటీని చూడ్డానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో! మంచిదాన్ననిపించుకోవడానికే అయ్యుంటుంది. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో, నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటూ కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడే నిలబడమ్మా. నా గుడ్డల్లో ఉంటాయేమో."

"ఏంటి ఆంటీ?"

"మూట్టపూచి." నల్లి అన్న మాటని తమిళంలో, గొంతు తగ్గించి అంది. "కుర్చీ నిండా ఉండాయంట కదా, నా కొడుకు చెప్పినాడు. ఎంత తుడిచినాను! ఎక్కడ వదిలేసినానో తెలీలేదు. నిన్ను కుట్టినాయా?"

"లేదు ఆంటీ."

"అద్దె తీసుకోని అట్టాంటి ఇంట్లో పెట్టినాను నిన్ను. సారీ అమ్మా. మనసులో పెట్టుకోవద్దు."

"పర్లేదు ఆంటీ" అన్నాను.

చూశారా? నేను ఆవిడని క్షమించాను. కాజేసినందుకూ అబద్ధమాడినందుకూ ఏవో సాకులు వెతుక్కోగలను. వయసు, పిచ్చి, అందం మీద మోజు. ఆ "పర్లేదు"కి మాత్రం ఒక్క సాకూ దొరకలేదు. అప్పుడు నోరు విప్పి ఉంటే ఆవిడ పరువు అక్కడికక్కడే ఆవిడకి దక్కేది. కుర్చీ చేజారిపోతుందని విప్పలేదు. అంతకన్నా, ఆవిడ కళ్ళలో నేను మంచి అమ్మాయిగానే మిగలాలని విప్పలేదు.

మళ్ళీ వెళ్ళలేదు. కొన్నాళ్ళకి ఆంటీ పోయిందని కొడుకు ఫోన్ చేశాడు. చివర్లో మనవరాళ్ళని కూడా మంచం దగ్గరికి రానిచ్చేది కాదట. దుప్పటి మార్చండి, మార్చండి అని నర్సుల్ని బతిమాలేదట. వయసైపోయింది కదా, బుర్ర పనిచేయలేదు అన్నాడు. అవునన్నాను.

ఇప్పుడా కుర్చీ యూ టీ పేటలో మా ఫ్లాట్‌లో ఉంది. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. యీషున్ ఆంటీ ప్రేమగా ఇచ్చిందని చెబుతాను. మా ఆయనా అదే నమ్ముతాడు. అందులో కూర్చోలేకపోతున్నానని రాస్తే బాగుండేది. కూర్చుంటాను. హాయిగానే ఉంటుంది. నిద్ర కూడా పడుతుంది. అందుకే నా మీద నాకు రోత.

మొన్న మా అమ్మాయి ఒక టిష్యూ పొట్లం ఆ కుర్చీలోకి విసిరి, "చోప్ చేశా లా, అమ్మా!" అంటూ బాత్రూంలోకి పరిగెత్తింది. అది తిరిగొచ్చేదాకా నేను కదల్లేకపోయాను.

ఆంటీ కొడుక్కి చెప్పొచ్చు కదా అంటారు. ఆ నల్లుల మాట తల్లి చెవిన వేసింది తనేనని తెలిస్తే అతను ఎలా బతుకుతాడు? ఇది కూడా సాకేనా? అయ్యుండొచ్చు. ఒకవేళ ఎప్పటికో మనసు కరిగి పర్లేదు అంటాడేమో. ఆ మాట వినే అర్హత నాకు లేదు.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారదని తెలుసు. వినవలసిన మనిషి లేదు కాబట్టి మీకే చెబుతున్నాను. ఆ కుర్చీలో నల్లులు లేవు. ఎప్పుడూ లేవు. ఆంటీ ఎక్కడా ఏమీ వదిలేయలేదు.