గాజు తలుపు అవతలి టైలరు

తాళాలు బాగుచేసేవాడి కూతురు నేరాల గురించి చదవడానికి యూనివర్సిటీలో చేరిందన్న కబురు ఆ వీధిలో గుప్పుమంది. ఆమె తండ్రి గురించి అక్కడ చెప్పుకునే గొప్పలు అన్నీ ఇన్నీ కావు. ఆయన తాళం ముందు నిలబడి దగ్గితే చాలు, అది సిగ్గుపడి దానంతటదే తెరుచుకుంటుందట. ఒకసారి గట్టిగా తుమ్మితే వీధిలో తలుపులన్నీ తెరుచుకుని, ఎవరి కుక్క ఎవరింట్లో దూరిందో తేలడానికి సాయంత్రం అయిందని ఎదురుకొట్టు మంగలి ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. అలాంటివాడి కూతురు నేరశాస్త్రంలో చేరితే నానమ్మ ఊరుకుంటుందా? చేరిన రోజే పేరు పెట్టేసింది, జడ్జమ్మ అని.

"ఒసే జడ్జమ్మా, మీ నాన్న తాళాలు వేస్తాడు, నువ్వేమో వాటిని పగలగొట్టేవాళ్ళ గురించి చదువుతావు. ఇద్దరూ కలిసి కొట్టు పెట్టండే, బేరానికి లోటుండదు!"

"పగలగొట్టడం కాదు నానమ్మా, ఎందుకు పగలగొడతారో చదువుతాం."

"ఎందుకేమిటే? చేతిలో తాళంచెవి లేక!"

నానమ్మ ఏమన్నా, జడ్జమ్మ చదువులో దిట్ట. జైలు మనిషిని ఎలా మారుస్తుందన్న దాని మీద ఆమె రాసిన వ్యాసం క్లాసుకంతటికీ మొదటిదిగా నిలిచింది. ప్రొఫెసరు దాన్ని అందరి ముందూ పైకి చదివించాడు. తండ్రి దాన్ని ఫ్రేము కట్టించి తాళంచెవుల మధ్య వేలాడదీశాడు. తాళంచెవులు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరూ ఇష్టమున్నా లేకపోయినా దాని ముందు నిలబడాల్సిందే.

మూడో ఏడు క్లాసులుండవు. ఏదైనా ఆఫీసులో పని చేయాలి, అక్కడి అధికారి మెచ్చుకుని రాస్తేనే చదువు పూర్తయినట్టు. జడ్జమ్మకు ప్రొబేషన్ ఆఫీసు దొరికింది. శిక్ష ముగియకముందే షరతుల మీద విడుదలైనవాళ్ళు వారం వారం అక్కడికొచ్చి కనబడి వెళ్ళాలి. వరసగా మూడు వారాలు రాకపోతే మళ్ళీ లోపలికే.

కింది అంతస్తులో ఒకటే పొడుగాటి గది. వీధి వైపు గాజు తలుపు. లోపల కూర్చున్నవాళ్ళు నలుగురి కళ్ళలో పడకుండా దానికి తెల్ల కాగితం అంటించారు. దానికి అవతల గుమ్మం మెట్ల పక్కనే బస్సు స్టాపు. వెనకవైపు సిబ్బందికి వేరే తలుపు, టీ కాచుకునే చిన్న చోటు.

ఆ గదిని ఏలేది ఆఫీసరమ్మ. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూస్తే గోడ మీది బల్లి కూడా చేసిన తప్పులన్నీ ఒప్పుకుని లొంగిపోతుందని అక్కడ చెప్పుకుంటారు. అలాంటి ఆవిడకు మోకాలి ఆపరేషను వచ్చిపడింది. సెలవు మీద వెళ్ళే ముందు కొన్ని ఫైళ్ళు జడ్జమ్మ చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఈ టైలరు కొత్తగా బయటికొచ్చాడు. జైల్లో ఏళ్ళ తరబడి బట్టలు కుట్టాడు. మొదటిసారి నేనే జైలు గేటు నుంచి వెంటబెట్టుకొచ్చాను. ఇక వారం వారం పొద్దున్నే మొట్టమొదట తనే వస్తాడు, చూసుకో."

టైలరు రాలేదు. మొదటి వారం జడ్జమ్మ ఎదురుచూసి చూసి గైరుహాజరు వేసింది. రెండో వారమూ అంతే. తెల్ల కాగితం వెనక ఎవరిదో నీడ, చంకలో సంచితో, కదలకుండా నిలబడి ఉంది.

"బస్సెక్కేవాళ్ళకి మన గుమ్మమే దొరికింది" అని విసుక్కుని ఆమె పనిలో పడింది. మూడో వారం కూడా రాకపోయేసరికి, షరతు మీరాడని నివేదిక రాసి ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టింది. సోమవారం ఆవిడ వచ్చి సంతకం పెడితే టైలరు మళ్ళీ జైలుకే.

శనివారం సాయంత్రం నానమ్మ రొట్టె తెమ్మంటే జడ్జమ్మ వీధి చివరి బేకరీకి వెళ్ళింది. తలుపు ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. చంకలో సంచి. లోపలికి వెళ్ళడు, పక్కకు జరగడు. ఇంతలో ఒకామె తలుపు తోసుకుని లోపలికి వెళ్తే, ఆమె వెనకే చప్పున దూరాడు. రొట్టె కొనుక్కుని, బయటికి రావడానికి మళ్ళీ తలుపు ముందు ఆగిపోయాడు.

ఫైల్లో ఫోటో ఈయనదే. కాగితం వెనక నీడా ఈయనదే. మూడు వారాలూ ఈ మనిషి వచ్చాడు, వేళకే వచ్చాడు. ఏళ్ళ తరబడి ప్రతి తలుపూ ఇంకెవరో తెరిస్తేనే దాటిన మనిషి, ఎవరైనా తెరుస్తారేమోనని అక్కడే నిలబడి నిలబడి, మిగతావాళ్ళు రాకముందే వెళ్ళిపోయాడు.

అంతకంటే ఘోరం ఇంకొకటుంది. ఈ సంగతి ఆమెకు కొత్త కాదు. తండ్రి కొట్లో వేలాడుతున్న వ్యాసంలో, తన చేత్తో, ముత్యాల్లాంటి అక్షరాలతో తనే రాసింది: "దీర్ఘకాలం ఖైదులో ఉన్నవారు తలుపు ముందు ఆగి, ఇతరులు తెరిచేవరకు వేచి ఉంటారు." ఆ వాక్యం పక్కన ప్రొఫెసరు 'భేష్' అని కూడా రాశాడు. ఇంటికెళుతూ కొట్టు ముందు ఆగి, ఫ్రేము వంక తలెత్తి చూడలేకపోయింది.

"ఏంటే, దొంగ దొరికాడా?" అన్నాడు తండ్రి.

"దొరికింది నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఒప్పుకుంటే తన ఏడాది పని గంగలో కలిసినట్టే. నోరు మూసుకుంటే సంతకం దానంతటదే పడిపోతుంది, ఎవరికీ తెలియదు. ఆదివారమంతా జడ్జమ్మ కొట్టు వైపు కూడా వెళ్ళలేదు. నానమ్మ కూడా జోకులు ఆపేసింది.

సోమవారం ఆఫీసరమ్మ చేతికర్రతో వచ్చి కూర్చుని కలం తీసింది.

"మేడమ్, సంతకం పెట్టకండి. ఆయన ప్రతి వారం వచ్చారు. గుమ్మం అవతలే నిలబడ్డారు. నేనే చూసి కూడా చూడలేదు."

ఆఫీసరమ్మ కళ్ళజోడు మీదుగా చూసింది. బల్లి సంగతి దేవుడెరుగు, జడ్జమ్మ మాత్రం అప్పటికే అంతా ఒప్పేసుకుంది.

"ఇది రాసిస్తే నీ గురించి నేను మంచిగా రాయలేనమ్మాయ్. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"అయితే రాయి."

జడ్జమ్మ కాగితం ముందుకు లాక్కుంది. ఆఫీసరమ్మ పాత నివేదిక చింపి బుట్టలో వేసింది. తర్వాత తను కూడా ఒక కాగితం తీసుకుంది.

"గేటు నుంచి ఇక్కడిదాకా తలుపులన్నీ నేనే తీసుకుంటూ తెచ్చాను. నీకు ఆ ముక్క చెప్పలేదు. నాదీ రాయాలి" అంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఎవరి తప్పు వాళ్ళు రాసుకున్నారు.

ఆ వారం పొద్దున్నే కాగితం మీద నీడ పడింది. జడ్జమ్మ తలుపు తీయబోయి, ఆగింది. ఈ రోజు తను తెరిస్తే వచ్చే వారం కూడా తనే తెరవాలి. ఫైళ్ళన్నీ రెండు చేతులా ఎత్తుకుని, వాటి మీద టీ కెటిల్ పెట్టుకుని, వెనక తలుపులోంచి వెళ్ళి భవనం చుట్టూ తిరిగి, టైలరు పక్కన నిలబడింది.

"కాస్త తలుపు తీస్తారా అండీ? చేతులు ఖాళీగా లేవు."

టైలరు ఆమెను చూశాడు. వెనక్కి తిరిగి, అనుమతి ఇచ్చేవాళ్ళెవరైనా ఉన్నారేమో అని చూశాడు. ఎవరూ లేరు, బస్సు కూడా వెళ్ళిపోయింది. సంచి కింద పెట్టాడు. పిడి పట్టుకుని తన వైపుకి లాగాడు. కదల్లేదు. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

"తాళం వేసుందమ్మా" అన్నాడు.

"లేదండీ. తోయాలి."

తోశాడు. తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్ళేదాకా చెయ్యి తియ్యకుండా అలాగే పట్టుకున్నాడు. తర్వాత తనూ వచ్చి, తలుపు దానంతటదే మూసుకుంటుంటే తిరిగి దాని వంకే చూశాడు.

"ఇంకోసారి తీసి చూడొచ్చా అమ్మా?"

ఆఫీసరమ్మ కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "మీ ఇష్టం, ఎన్నిసార్లయినా" అంది.