నాన్నగారి చిన్నోడు

పోయిన వారం మా అమ్మాయి కుక్కపిల్లకి వీపు మీద జుట్టు ఊడిపోతుంటే, బందరులో కొత్తగా పెట్టిన జంతువుల క్లినిక్‌కి నేనే తీసుకెళ్లాను. అమ్మాయికి ఆఫీసు, నాకు రిటైర్‌మెంటు. ఏసీ గది, గోడల నిండా బొచ్చు కుక్కల బొమ్మలు, కంప్యూటర్ ముందు మా అమ్మాయి ఈడు డాక్టరు. "దొడ్డికి ఎలా వెళ్తోంది అంకుల్, గట్టిగానా పల్చగానా? చెవులు వాసనొస్తున్నాయా? తల విదిలిస్తోందా? నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారు?" అంటూ మొదలుపెట్టింది. నేను ఒక్కటీ తడుముకోకుండా చెప్పాను. కాలి వేళ్ల సందుల్లో వెతికాననీ, గోమార్లు లేవనీ, సాయంత్రంపూట పొట్ట ఎక్కువ గోక్కుంటోందనీ అడగనివి కూడా చెప్పాను. ఆ పిల్ల రాయడం ఆపి, "మీరు చాలా కుక్కల్ని పెంచారా అంకుల్?" అంది. "ఒక్కదాన్నీ పెంచలేదమ్మా. ఒకదాన్ని చూసి కుళ్లుకున్నాను, అంతే" అన్నాను. జోకనుకుని పకపకా నవ్వింది. జోకు కాదు. కుళ్లుకుంటూ నేర్చుకున్నది ఒక పట్టాన మర్చిపోలేం.

ఇది తొంభైల నడిమి మాట. అప్పుడు నాకు ముప్పై మూడేళ్లు, ఒక పిల్ల తండ్రిని. గుడివాడలో బ్యాంకు ఉద్యోగం, పొద్దున పాసింజర్లో వెళ్లి సాయంత్రం పాసింజర్లో బందరు రావడం. నాన్నగారు కోర్టులో బెంచి క్లర్కుగా ముప్పై అయిదేళ్లు చేసి అప్పుడే రిటైరయ్యారు. కేసులూ పేర్లూ పిలిచేది ఆయనే కాబట్టి, కోర్టులో జడ్జిగారి కంటే ఎక్కువసార్లు ఆయన గొంతే వినపడేదని చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం ఆ గొంతు మాకు దక్కలేదు. కన్నబిడ్డని ఎదురుగా మెచ్చుకుంటే, ముద్దు చేస్తే దిష్టి తగులుతుందని మా ఇళ్లల్లో ఒక పట్టింపు. మిగతా నాన్నలు ఆ పట్టింపుని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు. మా నాన్నగారు దాన్ని కోర్టు ఆర్డరులాగా తు.చ. తప్పకుండా అమలు చేశారు. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యానని చెబితే "ఊఁ" అన్నారు. పదో తరగతిలో నాకు పచ్చకామెర్లు వస్తే గుమ్మంలో నిలబడి, "వాడికెలా ఉంది?" అని అమ్మని అడిగేవారు. నేను వాళ్లిద్దరికీ మధ్యలో, మంచం మీద, కళ్లు తెరుచుకునే ఉండేవాడిని!

అటువంటి మనిషికి, రిటైరైన రెండో నెలలో, గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే ఆవిడ బుట్టలో కప్పల మీద కప్పిన గోనెపట్టా పక్కన ఒక కుక్కపిల్ల కనపడింది. కప్పలంటే పండుగప్పలండీ, కంగారు పడకండి. "తల్లి లారీ కింద పడి చచ్చిపోయింది బాబుగారూ. హార్బరులో పెద్ద కుక్కలు దీన్ని బతకనివ్వవు" అందావిడ. చేప మొప్పలు ఎత్తి చూడనిదే మాట్లాడని మనిషి, ఆ రోజు చేప సంగతే అడగలేదు. పిల్లని రెండు చేతులతో ఎత్తి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "ఏరా చిన్నోడా, తిన్నావా?" అన్నారు. నేను ఇంటికి ఒక్కడినే కొడుకుని. వాడు చిన్నోడైతే మరి పెద్దోడిని నేనేగా. నన్నెప్పుడైనా అలా పిలిచిన పాపాన పోయారా?

ఇక చూడండి, నా కడుపు మంట. వాడికి విరేచనాలైతే గంజిలో మజ్జిగ కలిపి, గోరువెచ్చగా ఉందో లేదో వేలు ముంచి చూసి పట్టించేవారు. వాడు దొడ్డికి వెళ్తే వెనకాలే వెళ్లి చూసొచ్చి, "ఇవాళ గట్టిపడింది" అని కాఫీ తాగుతున్న నాకు చెప్పేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని గోమార్లు ఏరి కిరసనాయిలు గిన్నెలో వేసేవారు. గజ్జి వస్తే వేపనూనె రాశారు. ఇల్లంతా ఆ కంపే. మా ఆవిడ ముక్కు మూసుకుంటే, "దురద దానికి, బాధ మీకా?" అన్నారు. దీపావళికి వీధిలో టపాసులు మొదలవగానే వాడు మంచం కింద దూరితే, నాన్నగారు మంచం పక్కన నేల మీద కూర్చుని, వాడి వీపు మీద చెయ్యేసి, "నేనున్నాగా" అన్నారు. ఆ మాట తలుపు సందులోంచి విన్నాను. చిన్నప్పుడు సీమటపాకాయ చేతిలో పేలితే, "చూసుకోనక్కర్లా?" అన్న మాట నాకు దక్కింది. పైగా వాడు ఇంటిల్లిపాదిలో నా చెప్పులే కొరికేవాడు. చెబితే, "నీ చెప్పులు బయట వదలకు" అని నాకే తగిలేది.

చిన్నోడికి పిచ్చికుక్క టీకా వేయించడానికి నాచేత సెలవు పెట్టించారు. పశువుల ఆసుపత్రికి రిక్షాలో నాన్నగారు, ఆయన ఒళ్లో చిన్నోడు, వెనకాల ఎండలో సైకిలు మీద నేను. సూదేసేటప్పుడు మాత్రం పట్టుకోవడానికి నేను కావాల్సొచ్చాను. వాడు అరుస్తుంటే ఆయన చూడలేక వరండాలోకి వెళ్లిపోయారు. డాక్టరుగారు వాడిని అటూ ఇటూ తిప్పి, "బాగా ఒళ్లు చేశాడండీ, చేపలు తగ్గించండి" అని చెప్పి, ఒక నీలం కార్డు మీద స్టాంపు కొట్టి ఇచ్చారు. ఆ కార్డుని నాన్నగారు చొక్కా జేబులో పెట్టుకుని నెల రోజులు వీధి వీధంతా చూపించారు. "స్టాంపుందండీ, ఏడాది దాకా భయం లేదు" అని. నా డిగ్రీ సర్టిఫికెట్ ఎక్కడుందో ఈ రోజుకీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తరువాత ఒక ఆదివారం. అమ్మ పండుగప్ప పులుసు పెట్టింది. నేను తిని చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లేసరికి నాన్నగారు జామచెట్టు కింద పీట వేసుకుని, పొట్ట ముక్కలోంచి ఒక్కొక్క ముల్లూ తీసి, అన్నంలో కలిపి చిన్నోడి పళ్లెంలో పెడుతున్నారు. పొట్ట ముక్క నాకు ప్రాణం. ఆ రోజు నా కంచంలోకి తోక ముక్క వచ్చింది. తోక ముక్క వచ్చినందుకు కాదు నా బాధ. ఏడేళ్లప్పుడు గొంతులో ముల్లు దిగి నేను గిలగిల్లాడుతుంటే అన్నం ముద్ద మింగమని దూరం నుంచి చెప్పిన మనిషి, ఇప్పుడు వేళ్లతో తడిమి తడిమి ముళ్లు తీస్తున్నారే, అదీ. "డాక్టరుగారు వద్దన్నారు కదా నాన్నగారూ, చాలు దానికి" అంటూ వంగి, తింటున్న పళ్లెం లాగాను. తింటున్న కుక్క పళ్లెంలో చెయ్యి పెట్టకూడదని ఇంట్లో నాలుగేళ్ల మా పిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. చిన్నోడు గుర్రుమన్నాడు. అయినా నేను పళ్లెం వదల్లేదు. కుడి మణికట్టు మీద రెండు పళ్లు దిగాయి.

చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నొప్పి కంటే ముందు నాకొచ్చిన ఆలోచన ఏమిటో చెప్పడానికి సిగ్గేస్తుంది. ఈయన ముందు ఎవరి దగ్గరికి వెళ్తారా అని చూశాను. ఆయన లేచి ముందు కుక్క దవడ పట్టుకుని నోట్లోకి చూశారు. సరే, తేలిపోయింది అనుకున్నాను. అంతలో వచ్చి నా మోచెయ్యి పట్టుకుని బోరింగు దగ్గరికి లాక్కెళ్లారు. అమ్మ కారం డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, కుక్క కాటుకి కారం అద్దాలని. "ఆ కారం లోపల పెట్టు" అని కసిరి, మా ఆవిడని బోరింగు కొట్టమని, ఎర్ర సబ్బుతో ఆ రెండు గాట్లూ కడగడం మొదలెట్టారు. ఎంతసేపు కడిగారంటే, మా ఆవిడ అలిసిపోయి అమ్మ కొట్టింది. తలెత్తి నా ముఖం చూడలేదు.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు చెయ్యి చూసి, "వీధికుక్కా, పెంపుడుదా?" అన్నాడు. "పెంపుడుదేనండి" అన్నారు నాన్నగారు. "దానికి టీకా వేయించారా? కార్డుందా? ఉంటే మీవాడికి బొడ్డు చుట్టూ పొడిపించక్కర్లేదు. కుక్కని పది రోజులు కనిపెట్టి చూస్తే చాలు." ఆ రోజుల్లో కుక్క కరిస్తే పద్నాలుగు సూదులు, రోజుకొకటి, పొట్ట మీద. నాకు ప్రాణం లేచొచ్చింది. పల్చటి తెల్ల చొక్కా జేబులో నీలం కార్డు అంచు కనపడుతూనే ఉంది. నాన్నగారు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "లేదండి. వేయించలేదు" అన్నారు. నేను నోరు తెరిచాను. ఆయన నా భుజం పట్టుకుని గట్టిగా నొక్కారు. "అయితే మొదలెడదాం. కుక్కని మాత్రం కట్టేసి చూస్తూ ఉండండి, పది రోజుల తరువాత బాగుంటే మిగతావి ఆపేద్దాం" అన్నాడు డాక్టరు.

రిక్షాలో, పొట్ట పట్టుకుని, ఉడుకుమోత్తనంతో అడిగాను. "కార్డు జేబులోనే ఉంది కదండీ? నేనే పట్టుకున్నాను కదా దాన్ని, సూదేసేటప్పుడు?" "ముప్పై అయిదేళ్లు స్టాంపులు చూశాన్రా. స్టాంపు పడ్డవన్నీ నిజాలే అయితే బందర్లో ఇన్ని కోర్టులెందుకు?" అన్నారు నాన్నగారు. "మరి వీధంతా చూపించారుగా?" అన్నాను. "అది కుక్క సంగతి" అన్నారు.

చిన్నోడిని జామచెట్టుకి కట్టేశారు. నాన్నగారు దగ్గరికి వెళ్లడం మానేసి అరుగు మీంచి కనిపెట్టేవారు. నీళ్లు తాగాడా, చొంగ కారుస్తున్నాడా అని. నాలుగో రోజు వాడు తిండి ముట్టలేదు, నీళ్లూ ముట్టలేదు. ఇంట్లో అందరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. నీళ్లంటే బెదరడమంటే ఏమిటో అందరికీ తెలుసు. నాన్నగారు వాడి వంక చూసి, వెంటనే నా వంక చూశారు. ఆ చూపుని నేను ఇంకెప్పుడూ చూడలేదు, చూడనక్కర్లేదు కూడా. చివరికి అమ్మే అంది, "పిచ్చీ లేదు, పాడూ లేదు. మీరు పలకరించట్లేదని అలిగాడు. ఒకసారి పిలవండి." ఆయన దూరం నుంచే, బొంగురు గొంతుతో, "చిన్నోడా, తాగరా" అన్నారు. వాడు తలెత్తి, తోకాడించి, గిన్నె ఖాళీ చేశాడు. నాకు నవ్వొచ్చింది. వాడూ నాలాంటి వాడే. ఇప్పుడు కుళ్లుకోవడం వాడి వంతు.

ఎందుకంటే రోజూ పొద్దున్నే నాన్నగారు నాతో వచ్చేవారు. సూదికి పొట్ట బిగుసుకుపోయి, నేను వంగి నడుస్తుంటే, ఆయనా నడక తగ్గించేవారు. ఆసుపత్రి ఎదురుగా హోటల్లో పెసరట్టు తినేవాళ్లం. నా కుడిచేతికి కట్టు. మొదటి రోజు ఎడంచేత్తో అవస్థ పడుతుంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, నా పెసరట్టు ముక్కలు చేసి పెట్టి, పేపర్లోకి దూరిపోయారు. తరువాత తరువాత పేపరు పక్కన పెట్టేశారు. అవనిగడ్డ కోర్టులో చేసేటప్పుడు గాలివానకి రోడ్డు తెగి మూడు రోజులు దివిసీమలో చిక్కుకుపోయిన సంగతి, లా చదవాలనుకుని చదవలేకపోయిన సంగతి, నేను పుట్టానని తెలిసిన రోజు కోర్టులో ముద్దాయికి బదులు జడ్జిగారి పేరు పిలిచేసిన సంగతి, అన్నీ అక్కడే విన్నాను. తరువాత నేను బస్సెక్కి గుడివాడ వెళ్లేవాడిని. బస్సులో ఊపుకి పొట్ట పీకేసేది. నాకేం పట్టేది కాదు.

పదకొండో రోజు పొద్దున డాక్టరు చీటీ చూసి, "పది రోజులైందిగా, కుక్కెలా ఉంది? బాగుంటే ఇంక ఆపేద్దాం" అన్నాడు. చిన్నోడు నిక్షేపంలా ఉన్నాడు. బయల్దేరేటప్పుడు రెండు ఇడ్లీలు తినడం నేను చూశాను. నాన్నగారు చెప్పబోయారు. నేను అడ్డం పడ్డాను. "అది లేదండి. నిన్న గొలుసు తెంపుకుని ఎటో వెళ్లిపోయింది." డాక్టరు పెదవి విరిచాడు. "అయితే పద్నాలుగూ పడాల్సిందే."

నాన్నగారు నా వంక చూశారు. ముప్పై అయిదేళ్లు సాక్షుల్ని చూసిన మనిషి. నా గొంతు ఎక్కడ తడబడిందో ఆయనకి తెలియకుండా ఉంటుందా? చీటీ తీసుకుని, మడత సాపు చేసి, నర్సమ్మకి అందించారు. సూది పడ్డాక బయటికొచ్చి, రోడ్డు దాటుతూ, "ఇవాళ పెసరట్టా, పూరీనా?" అన్నారు. నాకేం కావాలో ఆయన నన్ను అడగడం అదే మొదలు.

పదిహేనో రోజు నుంచి మళ్లీ మామూలే. ఆయన అరుగు మీద, చిన్నోడు ఆయన కాళ్ల దగ్గర, నేను పాసింజర్లో. మళ్లీ ముళ్లు తీయడం, మళ్లీ నా కడుపు మంట. ఆ తరువాత ఎనిమిదేళ్లకి నాన్నగారు పోయారు. చెప్పుకోవడానికి నలభై ఒక్క ఏళ్లు ఆయనకి కొడుకుని. గడిచిపోయిన అంత కాలంలోనూ ఇది నాది అని నేను చెప్పుకోగలిగింది, అబద్ధమాడి సంపాదించుకున్న ఆ నాలుగు పొద్దులే.