ముదిరేదాకా ఉంచిన మూడు చాళ్లు

మా మేనత్త పోయిందని మావయ్య ఫోన్ చేసేసరికి నేను కాలేజీలో పిల్లలకు పశువుల మేత గురించి పాఠం చెబుతున్నాను. "మీ అత్త ఎల్లిపోనాదే అమ్మీ" అన్నాడు. పుస్తకం మూసేశాను. ఆ పాఠంలో సగం అత్త దగ్గర నేర్చుకున్నదే.

వాళ్లది చీపురుపల్లి దగ్గర పల్లె. నేను చదువుకునే రోజుల్లో, పరిశోధనలో భాగంగా, మొక్కజొన్న కర్ర ముదిరేకొద్దీ అందులో మాంసకృత్తులు ఎలా మారతాయో పరీక్షించాల్సి వచ్చింది. పూత నుంచి పంట ఎండేదాకా వారం వారం మొక్కలు కొయ్యాలి. కంకి ముదరకుండా కోస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? అత్త మాత్రం "మూడు సాళ్లు నీవే, కోసుకో" అంది.

వారం వారం రైల్లో వెళ్లేదాన్ని. అత్త కర్ర విరిచి, నమిలి, పిప్పి ఊసి చెప్పేది: "పాలకంకి మీదున్నాది, ఇప్పుడు తియ్యగుంటాది. రెండు వారాలాగు, గేదె మూతి తిప్పేస్తాది." కింది ఆకులు పసుపెక్కితే, "అదిగో, సారమంతా గింజలోకెల్లిపోతన్నాది" అనేది. పరీక్షల్లో తేలిందీ అదే. మాంసకృత్తులు తగ్గాయి, పీచు పెరిగింది. కాగితం చదివి వినిపిస్తే, "ఏటే, ఇది సెప్పడానికి అన్ని మిషన్లా?" అని పగలబడి నవ్వింది.

ఒక వారం వెళ్లేసరికి నా చాళ్లు తప్ప చేనంతా ఖాళీ. అడిగితే, పొత్తులు పచ్చిగానే అమ్మేశామంది. నమ్మాను.

అసలు సంగతి కొన్నేళ్లకు మావయ్య చెప్పాడు. ఆ ఏడు వానకి గడ్డివాము కుళ్లిపోయింది. ఈనిన గేదెకి మేత లేక చేనంతా కోసి వేశారు. "ఆ మూడు సాళ్లు కూడా కోసీద్దుమే అన్నాను. 'అమ్మీ సదువాగిపోతాది, ముట్టుకోకు' అన్నాది. గట్లంట తిరిగి తనే గడ్డి కోసుకొచ్చీది."

అప్పటికప్పుడే ఏడుస్తూ వెళ్లి అత్తను నిలదీశాను. "గడ్డి ఎక్కడో చోట దొరుకుతాది. నీకు ముదిరిన కర్ర నానెక్కడ తెత్తును?" అంది.

ఆఖరి వారం కర్రలో సారం లేదని నా చేత్తోనే రాసుకున్నాను. పక్కనే కొట్టంలో ఉన్న గేదె డొక్కలు చూడనేలేదు.

దినకార్యం అయిన మర్నాడు మావయ్యతో చేలోకి వెళ్లాను. పచ్చి మేత కోసి మోపు కట్టాడు. నెత్తికెత్తుకోవడానికి వంగి, అవతలి కొస ఎవరో పట్టుకుంటారన్నట్టు అలాగే ఉండిపోయాడు. చెంగు దోపుకుని, వెళ్లి పట్టుకున్నాను.