గోడ మీది కంప్యూటర్ అమ్మాయి

మా చిన్నప్పుడు... పంజాగుట్టలో గోడ మీద బట్టల సబ్బు పట్టుకుని నిలబడ్డది మా అమ్మే. బల్కంపేట సందులో కుక్కర్ పక్కన నవ్వుతున్నదీ మా అమ్మే. మా నాయిన గోడలకు ప్రకటనల బొమ్మలు వేసేవాడు. ఆడమనిషి బొమ్మ కావాలంటే అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. ఇంత బొట్టు, తలనిండా పూలు, చేతిలో ఏదో ఒక సామాను... అమ్మ ఇంట్లో అంతలా నవ్వడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడప్పుడే అమీర్‌పేటలో సందుకో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలుస్తోంది. ఒక సెంటర్ సారు నాయినను పిలిచి, కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి బొమ్మ కావాలన్నాడు. ఈసారికి అమ్మ పనికిరాలేదు. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్న అక్కను మా పాత ట్రంకుపెట్టె ముందు కూర్చోబెట్టాడు నాయిన. ట్రంకుపెట్టే కంప్యూటర్ అన్నమాట!

మర్నాడు నేను అన్నం గిన్నె తీసుకెళ్లేసరికి గోడ దగ్గర సారు చిరాకుపడుతున్నాడు.

"ఏంటి పెయింటరు గారూ ఇది? కంప్యూటర్ ముందు కూర్చుని బియ్యం ఏరుతున్నట్టుందేంటి? సాయంత్రంలోగా మార్చకపోతే ఫ్లెక్సీ వేయించుకుంటాను."

నిజమే... మొహం అక్కదే. వేళ్లు మాత్రం అచ్చం చాటలో రాళ్లు ఏరే వేళ్లు. పాపం, నాయినకు ఆడవాళ్ల చేతులు అంతవరకే తెలుసు. ఫ్లెక్సీ మాట వింటేనే మా ఇంట్లో ముద్ద దిగని రోజులవి.

పరుగున వెళ్లి అక్కను తీసుకొచ్చాను. అక్క ఏమాత్రం జంకలేదు.

"సార్, జర లోపల కూసోనియ్యండి. నిజం కంప్యూటర్ మీద చేతులు పెడ్త. మా నాయిన చూసి ఏస్తడు."

ఆ మధ్యాహ్నం అక్క గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చుంది. అక్కడ చదివే అమ్మాయి ఎవరో పక్కన నిలబడి అక్షరాలు కొట్టడం చూపించింది. తెర మీద తన పేరు కనబడగానే అక్క మొహం వెలిగిపోయింది. నాయిన మాత్రం వేళ్లనే చూశాడు.

సాయంత్రానికి బొమ్మ కుదిరింది. సారు మెచ్చుకున్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. అసలు బెంగ ఇంటికొచ్చాక మొదలైంది.

"నాయినా, నన్ను సుత ఆడ చేర్పిస్తవా?" అంది అక్క.

నాయిన కిరసనాయిలులో బ్రష్షులు కడుగుతూ తల ఎత్తలేదు. "బొమ్మల కూసున్నవ్ గద బిడ్డా... ఇంక నీకెందుకు గా ఫికర్?"

అక్క ఏడుస్తుందేమో, అన్నం మానేస్తుందేమో అని నేను పక్కనే కాపలా కూర్చున్నాను. ఏమీ చేయలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

ఆ తర్వాత అక్కతో ఆ గోడ ముందునుంచి వెళ్లాలంటేనే, ఎవరైనా గుర్తుపడతారేమోనని నాకు బెరుకు. భయపడినంతా అయింది... ఒకరోజు పుస్తకాలు పట్టుకున్న ఇద్దరమ్మాయిలు అక్కను ఆపారు.

"గోడ మీద ఉన్నది మీరే కదా! మీరు ఏ బ్యాచ్ అండీ?"

నేను అక్క వెనక్కి నక్కాను.

"సాయంత్రం బ్యాచ్," అంది అక్క, నవ్వుతూ. అమ్మ గోడల మీద నవ్వినట్టే నవ్వింది. తర్వాత ఇంటిదాకా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే... నొప్పి పుట్టినా విడిపించుకోలేకపోయాను.

మూడేళ్లలో ఫ్లెక్సీలే గెలిచాయి. గోడ పనులు నిలిచిపోయాయి. ఊరికే ఇంట్లో కూర్చున్న ఒక పొద్దున నాయిన తనంతట తానే అడిగాడు, "కంప్యూటర్ల చేరుతవా బిడ్డా?" అని. అప్పటికి అక్క చీరల దుకాణంలో పనికి వెళుతోంది.

"ఇప్పుడెందుకు నాయినా... షాపుకు టైమైతుంది," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ప్రకటనల్లో ఆడవాళ్లు కంపెనీలు నడుపుతున్నారు, మగవాళ్లు వంట చేస్తున్నారు. సంతోషమే. అయినా చూసినప్పుడల్లా నాకు లోపల ఏదో గుబులు...

బొమ్మలో ఆడపిల్లను మార్చడానికి మా నాయినకు ఒక్క మధ్యాహ్నం చాలింది. ఇంట్లో ఆడపిల్లకు సరే అనడానికి మూడేళ్లు పట్టింది. మీ ఇంట్లో ఎంతకాలం పట్టింది? రాయండి... మీరు రాసింది మా అక్క కూడా చదువుతుంది.