వడియాల పక్కన ఆల్చిప్పలు

తమిళనాడులో అరియలూరు ఎండలో నలభై ఏళ్లు శిలాజాలు ఏరాను. నలభై కాదులెండి, పదకొండు. అదీ ఏడాదికి రెండు వారాలు, గొడుగు కింద. అయినా కంప్యూటర్ ముందు కూర్చుని ప్రాచీన సముద్రాలు గీసే ఈ కాలపు పండితుల కన్నా అది ఎక్కువే. వాళ్లకు ఆల్చిప్ప అంటే పట్టికలో ఒక గడి. దాని అంచుకు వేలు తెగుతుందని కూడా తెలియదు.

కోట్ల ఏళ్ల కిందట అరియలూరు సముద్రం అడుగున ఉండేది. ఆల్చిప్ప ఒకసారి అంటుకుంటే కదలదు. పసిగా ఉన్నప్పుడే నీళ్లలో తేలిపోయి కొత్త తీరం చేరాలి. కాబట్టి ఒకే జాతి గుల్ల ఇక్కడా మడగాస్కర్‌లోనూ దొరికితే, ఆ కాలంలో రెండింటి మధ్యా సముద్రపు దారి ఉన్నట్టు లెక్క. అలాంటి గుల్లను నేనే కనిపెట్టానని చెన్నై పెరంబూరులో మా వీధి ఇస్త్రీ బండి మనిషికి కూడా తెలుసు.

పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. షోళింగనల్లూరులో ఉద్యోగం, మిగిలిన వేళల్లో ఈ పిచ్చి. నేను కాలేజీకి ఇచ్చిన ఆ గుల్లను, నా చేతిరాత చీటీతో సహా తాను తెచ్చిన డబ్బాలోంచి తీసింది. ఆ జాతి మన వైపు దొరికిందనడానికి సాక్ష్యం అదొక్కటే. ఆమె థీసిస్‌లో ఒక అధ్యాయమంతా దాని మీదే నిలబడింది. ఇన్నేళ్లలో పెద్దలెవరూ దాన్ని తిప్పి చూసిన పాపాన పోలేదు. చీటీ చదివి వ్యాసాల్లోకి ఎక్కించుకున్నారు. ముందు గొర్రె తోక చూసి నడిచే మంద.

అరగంట నా ఘనకార్యం వినిపించాను. ఎండ, వాగు, పాము. పాము లేదు.

అంతా విని అడిగింది. "సార్, ఇది ఆడ అరియలూరులో మీ చేత్తో ఏరిందే కదా? తప్పయితే ఇప్పుడే చెప్పేయండి. రేపు నలుగురిలో నిలబడేది నేను."

అవునమ్మా అనబోయాను. వంటింటి గడప దగ్గర నుంచి మా ఆవిడ అందుకుంది.

"చెప్పండి. నా వడియాలు ఎండే మిద్దె మీద రెండు దేశాలు కలిపేసినారని."

ఆ గుల్ల కనిపెట్టానన్న వేసవిలో అరియలూరు గుల్లలు కడిగి మిద్దె మీద ఒక పేపరు మీద, మన గుల్లలకు మార్పిడిగా మడగాస్కర్ నుంచి వచ్చినవి ఇంకో పేపరు మీద ఎండబెట్టాను. ప్రతి గుల్ల మీదా దొరికిన చోటు తెలిపే నంబరు సన్న కుంచెతో వేయాలి. మా పనిలో మొదటి నియమం అదే. ఎండాక వేద్దాంలే అని కిందికి పోయి నిద్రపోయాను. వడియాలకు చోటు చాలక ఆవిడ అన్నీ ఒకే గంపలోకి ఎత్తింది. ఆమె తప్పేం లేదు. రంగు చూసి విడదీశాను. ఒక్కటి మాత్రం ఎటూ తేలలేదు. అరియలూరు కుప్పలో పడితే నాకు పేరొస్తుంది. పడింది. పడలేదు, వేశాను.

"లోపల అంటిన మట్టిని పరీక్షిస్తే తెలుస్తుంది కదా సార్?"

తెలిసేదే. మెరవాలని పాత పళ్ల బ్రష్‌తో మట్టి ఆనవాలు లేకుండా తోమేశాను. ఆ సంగతీ చెప్పేశాను.

ఆమె కోపపడలేదు. చీటీ, పెన్ను నా ముందుకు జరిపింది. పాత రాత కొట్టేసి, 'దొరికిన చోటు తెలియదు' అని రాసి సంతకం పెట్టాను. ఆమె అధ్యాయం పోయింది. వచ్చే నెల సెలవు పెట్టి తానే అరియలూరు పోయి వెతుకుతానంది. ఏ వాగు గట్టున మొదలుపెట్టాలో చెప్పాను. ఇది మాత్రం నిజమే. నా గొడుగు తీసుకుపొమ్మన్నాను.

"అది పట్టుకుంటే సుత్తి ఎట్టా పట్టుకునేది సార్?" అంది.